ఏ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలి? సీబీటీ నుంచి ఇంటిగ్రేటివ్ దాకా, మీకు సరిపడేది ఎంచుకోవడం

థెరపీకి వెళ్లాలని నిర్ణయించుకోవడం ఒక ఎత్తు, ఎవరి దగ్గరికన్నది తేల్చుకోవడం మరో ఎత్తు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్క హైదరాబాద్‌లోనే పేజీలకొద్దీ పేర్లు వస్తాయి. ఒకరి పేరు కింద సీబీటీ అని ఉంటుంది, ఇంకొకరి కింద సైకోడైనమిక్, మరొకరి కింద పర్సన్ సెంటర్డ్. ఈమధ్య ఎక్కువగా కనపడుతున్నది ఇంటిగ్రేటివ్. ఒకే పద్ధతికి కట్టుబడకుండా, వచ్చిన మనిషితో కలిసి మాట్లాడుకుని, ఆ మనిషికి తగ్గ దారి వేసుకునే పద్ధతి ఇది. వింటే ఇదే అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది. చాలామందికి నిజంగానే మంచిది. కొందరికి కాదు. ఆ కొందరిలో మీరున్నారేమో ముందే తెలిస్తే డబ్బూ, నెలలూ మిగులుతాయి.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. కొన్ని సమస్యలకు పద్ధతే ముఖ్యం, అవేమిటో కింద రాశాను. మిగతావాటికి బోర్డు మీది పేరు కంటే, ఆ థెరపిస్ట్ నిర్ణయాల్లో మిమ్మల్ని ఎంతవరకు కలుపుకుంటారు, పని జరుగుతోందో లేదో ఎలా చూసుకుంటారు అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి.

## మొదట తేల్చుకోవాల్సింది: థెరపీయా, డాక్టరా?

ఎవరూ లేనప్పుడు మాటలు వినపడటం, ఎవరో తనను వెంటాడుతున్నారన్న గట్టి నమ్మకం, రోజుల తరబడి నిద్ర అక్కర్లేనంత హుషారు, తిండీ స్నానమూ మానేసేంత కుంగుబాటు, చనిపోవాలన్న ఆలోచనలు. వీటిలో ఏది ఉన్నా పద్ధతుల పోలిక తర్వాత చూసుకోవచ్చు, మొదట సైకియాట్రిస్ట్‌ను కలవాలి. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బుల్లో వైద్యానికి మందులే పునాది. థెరపీ వాటికి తోడుగా ఉండాలి గానీ వాటికి బదులుగా కాదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఇప్పుడే ఉంటే చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ లైను. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, బీ12 లోపం బయటికి దిగులుగానో గుండెదడగానో కనపడొచ్చు. ఫ్యామిలీ డాక్టర్‌కు చెప్పి రక్తపరీక్ష చేయించుకోకుండా పది సెషన్లకు డబ్బు కట్టడం తొందరపాటే.

ఇక ఎవరు ఎవరన్నది. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, దాని రిజిస్టర్‌లో నమోదై ఉంటారు. నంబరు అడిగి తీసుకుంటే మండలి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలర్, థెరపిస్ట్ అన్న పేర్ల దగ్గరే చిక్కు. వీళ్లలో చాలామందిని రిజిస్టర్ కిందికి తెచ్చేందుకు 2021లో చట్టం వచ్చినా, ఆచరణలో ఆ పేర్లు ఎవరైనా పెట్టుకోగలుగుతున్నారు. ఏళ్లపాటు సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసినవాళ్లూ, రెండు వారాంతాల్లో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లూ ఒకే జాబితాలో పక్కపక్కన కనపడతారు. ఇంటిగ్రేటివ్ అన్న మాటకూ ఇక్కడ ఏ కాపలా లేదు.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది సమస్య తీరు. బల్లి అంటే భయం, ఇంటర్వ్యూ అంటే వణుకు లాంటి ఒకే ముడి వేరు. ఉద్యోగం, పెళ్లి, అమ్మానాన్నలతో గొడవ, నిద్ర అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయిన చిక్కు వేరు.

రెండోది, మీకు ఎలాంటి మనిషి కావాలి. దీన్ని తేల్చుకోవడానికి మిక్ కూపర్, జాన్ నార్‌క్రాస్ అనే సైకాలజిస్టులు 2016లో 18 ప్రశ్నల చిన్న పత్రం ఒకటి తయారుచేశారు. అందులో అడిగేవి నాలుగు సంగతులు: దారి థెరపిస్ట్ చూపించాలా, మీరు చూపిస్తారా? భావోద్వేగాల్లోకి లోతుగా దిగాలా, కాస్త దూరం పాటించాలా? గతం గురించా, ఇప్పటి గురించా? మెత్తగా అండగా ఉండాలా, తప్పుంటే ముఖాన చెప్పాలా? పత్రం దొరకకపోయినా ఈ నాలుగింటికీ ఒక కాగితం మీద మీ జవాబు రాసుకోండి. మొదటి ఫోన్ కాల్‌లోనే చెప్పగలిగిన సంగతులివి.

మూడోది కాలమూ డబ్బూ. పెద్ద నగరాల్లో ప్రైవేటుగా ఒక సెషన్‌కు వెయ్యి నుంచి మూడు వేల రూపాయలు తీసుకోవడం మామూలే. 1,500 అనుకుంటే 12 సెషన్లకు 18,000. ఏడాదిలో 48 వారాలు వెళ్తే 72,000. బీమా గురించి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని చెప్తుంది కానీ, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారంవారం థెరపీకి ఓపీ కవరేజీ ఉందేమో విడిగా చూసుకోవాలి.

నాలుగోది, బాగుపడుతున్నామని ఎలా తెలుస్తుందన్నది. ఐదోది భాష. జనం దీన్ని తక్కువగా చూస్తారు గానీ నేను పైకి తెస్తాను. ఆఫీసు గొడవ ఇంగ్లిష్‌లో చెప్పుకోగలిగినవాళ్లే నాయనమ్మ చావు దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి జారతారు. థెరపిస్ట్‌కు ఆ తెలుగు, అందులోనూ మీ యాస, అర్థం కాకపోతే అక్కడే ఆగిపోతారు.

## ఒకే మనిషి, నాలుగు గదులు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. శ్రావణికి 31 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న పోయి రెండేళ్లయింది. అన్ని పనులూ తనే చూసుకుంది, ఏడవలేదు. అమ్మ ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది, వారానికి మూడుసార్లు సంబంధాల గురించి ఫోన్. రాత్రిళ్లు అమెరికా కాల్స్. ఆరు నెలలుగా ఫ్లైఓవర్ ఎక్కితే చాలు గుండెదడ, ఊపిరాడదు, ఈ క్షణమే పోతానన్న భయం. గుండె డాక్టర్ ఈసీజీ, టూడీ ఎకో చూసి ఏమీ లేదన్నారు. ఎవరేం అడిగినా కాదనలేకపోవడం చిన్నప్పటి నుంచీ ఉంది.

### సీబీటీ

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి పొట్టి పేరు, 1960ల్లో ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ తీర్చిదిద్దిన పద్ధతి. ఆలోచన, భావం, చేసే పని ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూపించి ఆ గొలుసును తెంపడం దీని పని. శ్రావణి విషయంలో లెక్క స్పష్టం. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, దాన్ని ఆమె చావు సూచన అనుకుంటుంది, భయపడుతుంది, గుండె ఇంకా వేగం అందుకుంటుంది. థెరపిస్ట్ గదిలోనే మెట్లెక్కించి, కుర్చీలో తిప్పించి ఆ దడను కావాలని తెప్పిస్తారు, దానివల్ల ఏమీ కాదని ఒంటికే తెలిసేలా. తర్వాత పక్కన స్నేహితురాలు ఉండగా చిన్న ఫ్లైఓవర్ మీద, ఆపైన ఒంటరిగా, చివరికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. ప్రతి వారం రాసుకురావాల్సిన హోమ్‌వర్క్ ఉంటుంది.

పానిక్‌కు (శ్రావణికి వచ్చేలాంటి హఠాత్తు భయానికి), ఫోబియాలకు ఇంతకంటే సూటి దారి లేదు. ఓసీడీకైతే, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనల వల్ల ఒకే పని మళ్లీ మళ్లీ చేసే జబ్బుకైతే, ఈ కుటుంబంలోదే ఈఆర్‌పీ అని ఒకటుంది. భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ, చేతులు కడుక్కోవడం, తాళం మళ్లీ మళ్లీ చూడటం లాంటి చర్యను ఆపుకోవడం నేర్పుతుంది. ఓసీడీ ఉన్నవాళ్లు ఇంటిగ్రేటివ్ అన్న మాటకు ఆకర్షితులై తిరగొద్దు, ఈఆర్‌పీ చేయించగలవాళ్లనే వెతకండి. నెలల తరబడి బాల్యం గురించి మాట్లాడినంత మాత్రాన తాళం చూడటం ఆగదు.

దీని లోటు: కాదనలేని అలవాటు, నాన్న గురించి రాని ఏడుపు సీబీటీలో పక్కకు పోవచ్చు. పోవాలని లేదు, మంచి సీబీటీ థెరపిస్ట్ వాటినీ అందుకుంటారు. కానీ 12 సెషన్ల ప్యాకేజీలో పత్రాలు నింపిస్తూ పోయే చోట అవి మిగిలిపోతాయి. హోమ్‌వర్క్ పడనివాళ్లు మూడో వారానికే మానేస్తారు.

### సైకోడైనమిక్

ఫ్రాయిడ్ నుంచి వచ్చిన పాయ. మనదేశంలో ఇది చాలా పాతది, గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఇక్కడ శ్రావణిని ఫ్లైఓవర్ గురించి తక్కువగా, మనసులోకి వచ్చింది వచ్చినట్టు మాట్లాడమని ఎక్కువగా అడుగుతారు. కొన్ని వారాలకు ఆమె థెరపిస్ట్ దగ్గర కూడా కాదనలేకపోవడం బయటపడుతుంది. టైము మార్చమంటే వెంటనే సరేనంటుంది, ఇంటికెళ్లి కుములుతుంది. థెరపిస్ట్ దాన్నే పట్టుకుంటారు. అమ్మ దగ్గర, బాస్ దగ్గర నడిచే కథే ఈ గదిలోనూ నడుస్తోందని ఇద్దరూ చూడగలిగినప్పుడు మార్పు మొదలవుతుంది.

ఒకే రకం సంబంధాల్లో మళ్లీ మళ్లీ చిక్కుకునేవాళ్లకు, ఏం బాధో చెప్పలేని ఖాళీతో ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఇది లోతుకు వెళ్తుంది. కానీ ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. అన్నాళ్లూ శ్రావణి ఆఫీసుకు చుట్టుదారిలోనే వెళ్తుంటుంది. మన ఊళ్లలో దీనికి సరైన శిక్షణ ఉన్నవాళ్లూ తక్కువే.

### పర్సన్ సెంటర్డ్

కార్ల్ రోజర్స్ పద్ధతి. షరతుల్లేని ఆదరం, ఎదుటివారి వైపు నుంచి అర్థం చేసుకోవడం, నటన లేకపోవడం థెరపిస్ట్‌కు కీలకమని ఆయన 1957లో వాదించారు. సలహా ఇవ్వరు, దారి చూపరు. ఎవరూ పూర్తిగా వినని మనిషికి ఇది చల్లటి నీడ. అప్పుడే ఎవరినో పోగొట్టుకున్నవాళ్లకు నేను ముందు ఇదే చెప్తాను. పానిక్‌కు మాత్రం ఇదొక్కటీ చాలదు. "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు మేడమ్?" అని రెండో సెషన్‌లోనే అడిగేవాళ్లకు ఇక్కడ చిరాకు పుడుతుంది.

### ఇంటిగ్రేటివ్

కాస్త నిదానంగా చూడాల్సింది ఇదే. వివిధ పద్ధతులన్నీ దాదాపు ఒకే స్థాయి ఫలితాలిస్తున్నాయంటే వాటిలో ఉమ్మడిగా ఏదో ఉండాలని సాల్ రోజెన్‌వైగ్ 1936లోనే రాశాడు. 1977లో పాల్ వాక్టెల్ మనోవిశ్లేషణనూ బిహేవియర్ థెరపీనీ ఒక గూటికి తెచ్చే ప్రయత్నం చేశాడు. 1983లో ఇలాంటి పనికోసమే ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అంటే ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

కాకపోతే ఈ బోర్డు కింద నాలుగు రకాలవాళ్లున్నారు. ఏది పనిచేస్తే ఆ పనిముట్టు వాడేవాళ్లు ఒకరు, ఆర్నాల్డ్ లాజరస్ దారి ఇది. రెండు సిద్ధాంతాలను కలిపి మూడోది కట్టినవాళ్లు రెండోరకం. అన్ని పద్ధతుల్లోనూ ఉన్న ఉమ్మడి అంశాల మీదే దృష్టి పెట్టేవాళ్లు మూడు. ఒక పద్ధతిలో గట్టిగా నిలబడి, అవసరమైనచోట పక్కవాటి నుంచి తెచ్చుకునేవాళ్లు నాలుగు. మొదటిసారి వెళ్లేవారికి నాలుగో రకం భద్రమని నా అభిప్రాయం. వాళ్లకు కనీసం ఒక విద్య లోతుగా వచ్చు. వాళ్లు ఎక్కడి నుంచి బయల్దేరారో అడిగితే చెప్పగలరు. మిగతా మూడూ తప్పని కాదు, వాటిలో మంచివాళ్లను కొత్తవాళ్లు గుర్తుపట్టడం కష్టం.

శ్రావణి ఇలాంటి గదిలోకి వెళ్తే? మొదటి రెండు సెషన్లలో ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద పటం గీస్తారు. నిద్ర లేకపోవడం, కాఫీలు, దడ, ఫ్లైఓవర్, నాన్న, అమ్మ ఫోన్లు, కాదనలేకపోవడం. ఏది దేన్ని పెంచుతోందో బాణాలు. అప్పుడు థెరపిస్ట్ ఇలా అంటారు:

"రెండు పనులు కనపడుతున్నాయి శ్రావణి గారూ. ఫ్లైఓవర్ భయం ఒకటి, నాన్నగారి సంగతి ఒకటి. భయంతో మొదలుపెడితే తొందరగా తేలిక దొరుకుతుందని నాకనిపిస్తోంది. మీకు రెండోదే ఎక్కువ బరువుగా ఉంటే అటునుంచైనా వెళ్లొచ్చు. మీరేమంటారు?"

ఇక్కడ థెరపిస్ట్ తన అభిప్రాయం దాచలేదు, కారణం చెప్పారు, నిర్ణయం మాత్రం ఇద్దరిదీ. కలిసి పనిచేయడమంటే ఇదే. "మీ ఇష్టం, మీరే చెప్పండి" అని చేతులు దులుపుకోవడం కాదు. శ్రావణి భయం ముందు అంటుంది. ఆరు సెషన్లు పైన చెప్పిన సీబీటీ పనే, దాదాపు అదే వరసలో. తర్వాత ఆగి చూస్తారు. ఫ్లైఓవర్ ఎక్కుతోంది, నిద్ర ఇంకా కుదురుకోలేదు. ఇప్పుడు నాన్న. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో నాన్న ఉన్నట్టు ఊహించుకుని చెప్పాల్సినవి చెప్పించడం గెస్టాల్ట్ థెరపీ నుంచి వచ్చిన పని. అది చేద్దామా అని ముందే అడుగుతారు, వద్దంటే ఉత్తరం రాయిస్తారు. కాదనలేని అలవాటు ఆ గదిలోనే కనపడితే సైకోడైనమిక్ కన్నుతో దాన్ని చూపిస్తారు. అమ్మను ఒక సెషన్‌కు పిలవాలా వద్దా అన్నది శ్రావణి తేలుస్తుంది.

రెండు సిద్ధాంతాలను కలిపే రెండోరకానికి చక్కని నమూనా బ్రిటన్‌లో ఆంథొనీ రైల్ రూపొందించిన కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీ. మామూలుగా 16 సెషన్లు. మొదటి కొన్ని సెషన్లయ్యాక థెరపిస్ట్ తనకు అర్థమైన కథను ఉత్తరంగా రాసి క్లయింట్‌కు చదివి వినిపిస్తారు. తప్పుంటే ఇద్దరూ కలిసి దిద్దుతారు. చివర్లో వీడ్కోలు ఉత్తరాలు కూడా ఇచ్చిపుచ్చుకుంటారు. తన గురించి డాక్టర్ ఏం రాసుకున్నారో పేషెంటుకు తెలియని మన ఓపీలు చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

ఈ కలిసి పనిచేయడానికి ఆధారం ఉంది. థెరపిస్ట్‌కూ క్లయింట్‌కూ మధ్య పొత్తులో మూడు భాగాలుంటాయని ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పాడు: ఎక్కడికి చేరాలో ఒప్పుకోవడం, అందుకు ఏ పని చేయాలో ఒప్పుకోవడం, ఒకరి మీద ఒకరికి నమ్మకం. 2018లో దాదాపు 300 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో ఈ పొత్తు బలంగా ఉన్నచోట ఫలితమూ మెరుగ్గా ఉంది. ఆ సంబంధం మధ్యస్థమే, కానీ ఏ పద్ధతిలో చూసినా కనపడింది. మైకేల్ లాంబర్ట్ పరిశోధనలు ఇంకో సంగతి చూపించాయి. క్లయింట్ పరిస్థితిని వారంవారం చిన్న ప్రశ్నపత్రంతో కొలిచి థెరపిస్ట్‌కు చూపిస్తే, దిగజారుతున్నవాళ్లను ముందే పట్టుకోవచ్చు. తమ క్లయింట్లలో ఎవరు దిగజారుతున్నారో థెరపిస్టులు ఉత్త కంటితో అంత బాగా కనిపెట్టలేరు మరి.

లోట్లు కూడా చిన్నవి కావు. సీబీటీకున్నట్టు దీనికి అచ్చు వేసిన పద్ధతి లేదు కాబట్టి బయటివాళ్లు నాణ్యత కొలవడం కష్టం. అన్నీ కొంచెం కొంచెం వచ్చి ఏదీ పూర్తిగా రానివాళ్లకు ఈ బోర్డు మంచి ముసుగు. దప్పళంలో అన్ని ముక్కలూ పడతాయి గానీ ఏది ముందు వేయాలో ఏది చివర వేయాలో వండేవాళ్లకు తెలియాలి. ఒక వారం శ్వాస వ్యాయామం, మరో వారం ఇన్నర్ చైల్డ్, ఇంకోవారం జాతకం గురించి మాటలు, ఎందుకో ఎవరూ చెప్పరు. అది ఇంటిగ్రేటివ్ కాదు. ఇక మీ వైపు నుంచి లోటు: ఇక్కడ మీరూ పనిచేయాలి. ఏం కావాలో చెప్పాలి, నచ్చనిది నచ్చలేదనాలి. పడకమీంచి లేవడమే గగనమైన రోజుల్లో ఇన్ని ఎంపికలు ముందు పెడితే అది సాయం కాదు, భారం.

## పక్కపక్కన పెడితే

| | సీబీటీ | సైకోడైనమిక్ | పర్సన్ సెంటర్డ్ | ఇంటిగ్రేటివ్ |
|---|---|---|---|---|
| దారి ఎవరిది | ఎక్కువగా థెరపిస్ట్‌ది, మీతో చర్చించి | మీ మాటలది, అర్థం థెరపిస్ట్ చూపిస్తారు | మీదే | ఇద్దరిదీ, పైకి మాట్లాడుకుని |
| కాలం | తరచు 8–20 సెషన్లు | నెలల నుంచి ఏళ్లు | ముందే చెప్పలేం | ఒప్పుకున్న గడువు, సమీక్ష, తర్వాత పొడిగింపు |
| ఇంటి పని | ప్రతి వారం | దాదాపు ఉండదు | ఉండదు | ఒప్పుకున్నంత |
| బాగా నప్పేది | పానిక్, ఫోబియా, ఓసీడీ | పాతుకుపోయిన సంబంధాల తీరు | దుఃఖం, ఒంటరితనం | ఒకదానికొకటి చుట్టుకున్న సమస్యలు |
| పెద్ద లోటు | యాంత్రికంగా మారొచ్చు | నిదానం, ఖర్చు | సూటి సాయం తక్కువ | థెరపిస్ట్ నాణ్యత మీదే అంతా |

## మీరు ఎలాంటివారు?

"డాక్టర్ గారూ, మీరే చెప్పండి, నేను చేస్తాను" అనేవాళ్లు మనలో ఎక్కువ. దీన్ని వెనకబాటుతనంగా చూసే థెరపిస్టులున్నారు, నేనొప్పుకోను. పాశ్చాత్య థెరపీలోని తటస్థత భారతీయులకు సరిపోదని, గురుశిష్య సంబంధంలో మనకు తగిన నమూనా ఉండొచ్చని సైకియాట్రిస్ట్ జె.ఎస్. నేకీ 1973లోనే ప్రతిపాదించారు. మంచి ఇంటిగ్రేటివ్ థెరపిస్ట్ మొదట్లో మీరడిగినట్టే కాస్త చేయి పట్టుకుని నడిపించి, నెమ్మదిగా పగ్గాలు మీకిస్తారు. మొదటిరోజే "మీ గమ్యాన్ని మీరే నిర్వచించుకోండి" అంటే లేచి రావచ్చు. అలాగే, మీరు ప్రతిదానికీ "సరే మేడమ్" అంటున్నా పట్టించుకోనివారి దగ్గర కలిసి పనిచేయడం కాగితం మీదే ఉంటుంది. అడగకుండానే "ఈ సెషన్‌లో ఏది నచ్చలేదు?" అని గుచ్చి అడిగేవాళ్లు కావాలి.

ఇంట్లోవాళ్లు తీసుకొచ్చినవాళ్ల కథ వేరు. ఫీజు నాన్న కడతారు, అబ్బాయికి రావాలని లేదు. "వాడు ఏం చెప్పాడండీ?" అని బయట కూర్చున్న నాన్న అడుగుతారు. ఇక్కడ లక్ష్యం ఎవరిదన్నది మొదటిరోజే ముగ్గురి మధ్యా తేలాలి. అబ్బాయి కోరిక "ఇంట్లో చదువు గురించి అడగడం ఆపాలి" అయితే అదీ లక్ష్యమే. గోప్యతకు 2017 చట్టం 23వ సెక్షన్ రక్షణ ఇస్తుంది, ప్రాణాపాయం లాంటి మినహాయింపులున్నాయి. పిల్లల మీద లైంగిక నేరం సంగతి బయటపడితే మాత్రం పోక్సో చట్టం ప్రకారం థెరపిస్ట్ ఫిర్యాదు చేసి తీరాలి. ఈ హద్దులు ముందే చెప్పేవారిని నమ్మొచ్చు.

రెండు నెలల్లో పరీక్షో, పెళ్లో, వీసా ఇంటర్వ్యూనో ఉన్నవాళ్లు సీబీటీకే వెళ్లండి. లోతైన పని ఆ తర్వాత.

ప్రమాదమో, హింసో వెంటాడుతూ కలలు, ఉలికిపాట్లు ఉన్నవాళ్లు ట్రామా ఫోకస్డ్ సీబీటీలోనో, ఈఎండీఆర్‌లోనో (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి) శిక్షణ ఉందా అని అడగాలి. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించింది. "ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్" అన్న మాట ఒక్కటే శిక్షణకు రుజువు కాదు.

ఒకసారి సీబీటీ చేసి, బాగుపడి, ఏడాదికి మళ్లీ అక్కడికే వచ్చినవాళ్లకు ఇంటిగ్రేటివ్ అచ్చంగా సరిపోతుంది. పనిముట్లు చేతిలో ఉన్నాయి, అవి ఎందుకు నిలవడం లేదన్నదే ప్రశ్న. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు నెలకోసారి ప్రైవేటు కంటే, ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీ ఓపీలో క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారేమో ముందు కనుక్కోండి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్, దూరం వెళ్లగలిగితే బెంగళూరు నిమ్‌హాన్స్ ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు తిట్టుగా వాడే సినిమా జోకులు చాలామందిని ఆ గేటు దాకా కూడా వెళ్లనివ్వవు. అక్కడి ఓపీకి నిద్ర పట్టనివాళ్లు, ఆందోళన ఉన్నవాళ్లూ వెళ్తుంటారు, మామూలుగా చీటీ రాయించుకుని.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు రెండు మాటలు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది. టెక్సాస్‌లో కూర్చుని హైదరాబాద్ థెరపిస్ట్‌తో వీడియోలో మాట్లాడితే భాష సుఖం, కానీ ఆపద వచ్చిన రాత్రి అక్కడి సాయం వాళ్ల చేతిలో ఉండదు. కాబట్టి అక్కడి ఆత్మహత్య నివారణ లైను 988 నంబరూ, స్థానిక డాక్టర్ వివరాలూ థెరపిస్ట్ దగ్గర రాయించి పెట్టండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు ఎవరి సిఫార్సూ లేకుండా మీరే నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు, ఉచితం. అక్కడ ఎక్కువగా దొరికేది సీబీటీ, తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. సైకోథెరపిస్ట్ అన్న పేరుకు బ్రిటన్‌లోనూ చట్టరక్షణ లేదు, అందుకే యూకేసీపీ, బీఏసీపీ లాంటి సంఘాల రిజిస్టర్‌లో పేరుందేమో చూడాలి.

## మొదటి కాల్‌లో అడగాల్సినవి

"మీరు ఇంటిగ్రేటివ్ అన్నారు కదా, మొదట దేంట్లో శిక్షణ తీసుకున్నారు? నాలాంటి సమస్యకు ఏది ఎప్పుడు వాడాలో ఎలా తేలుస్తారు?" దీనికి వచ్చే జవాబులోనే సగం తెలిసిపోతుంది. "మొదట సీబీటీ, తర్వాత మూడేళ్లు సైకోడైనమిక్ సూపర్‌విజన్‌లో పనిచేశాను, మీ పానిక్‌కు ముందు ఫలానాది చేస్తాను, ఆరు వారాల్లో తగ్గకపోతే ఫలానా దారి" లాంటి జవాబు మంచిది. "నేను అన్నీ వాడతాను, క్లయింట్ ఎనర్జీని బట్టి" అంటే మరో నంబరుకు ఫోన్ చేయండి.

ఇంకా అడగండి: ఇప్పుడు కూడా ఎవరి దగ్గరైనా సూపర్‌విజన్ (సీనియర్ల పర్యవేక్షణ) తీసుకుంటున్నారా? మార్పును ఎలా కొలుస్తారు? కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది, 0 నుంచి 27 దాకా స్కోరు వస్తుంది, నింపడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అలాంటిదేదైనా నెలకోసారైనా వాడేవాళ్లు మేలు. మందులు అవసరమైతే ఏ సైకియాట్రిస్ట్‌తో కలిసి పనిచేస్తారు? మందుల్ని పూర్తిగా తిట్టిపోసేవాళ్లూ, 20 సెషన్ల డబ్బు ముందే కట్టమనేవాళ్లూ, వ్యక్తిగత స్నేహం కలుపుకునేవాళ్లూ, వాళ్లు ఏ పద్ధతివాళ్లయినా, వద్దు.

## సరిపోకపోతే

నాలుగైదు సెషన్ల తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. మేమిద్దరం దేనికోసం పనిచేస్తున్నామో ఒక వాక్యంలో చెప్పగలనా? చేస్తున్న పని దానికి పనికొస్తుందనిపిస్తోందా? సిగ్గుపడే సంగతి ఈ మనిషికి చెప్పగలనా? మూడింటికీ కాదన్న జవాబే వస్తే చెప్పకుండా మానేయడం మన అలవాటు. అలా చేయకుండా ఒక్కసారి ఆ మాట అక్కడే అనండి. "నాకిది పనిచేస్తున్నట్టు లేదు" అంటే మంచి థెరపిస్ట్ నొచ్చుకోరు, పటం మళ్లీ తీస్తారు. అప్పటికీ కుదరకపోతే ఇంకొకరి పేరు చెప్పమని అడగండి, ఇప్పటిదాకా చేసిన పని గురించి ఒక పేజీ సారాంశం రాసిమ్మనండి. మీ వైద్య రికార్డులు చూసుకునే హక్కును 2017 చట్టం 25వ సెక్షన్ మీకిస్తుంది. కొత్తవారి దగ్గర మొత్తం కథ మొదటి నుంచి చెప్పే బాధ ఆ పేజీతో చాలావరకు తప్పుతుంది. మందులు కూడా వాడుతుంటే, థెరపిస్ట్‌ను మార్చినా మానేసినా, సైకియాట్రిస్ట్‌ను అడగకుండా వాటిని ఆపొద్దు, డోసు తగ్గించొద్దు.